ఫోస్టర్ పిల్లుల అర్రల ఏముండాలె, ఏముండొద్దు

ఈసారి వచ్చిన ప్రశ్నలల్ల సగానికి సగం పిల్లుల గురించే. ఎండకాలం మొదలైతుందంటే గల్లీకో పిల్లి ఈనుతది, ఎవరింటి మెట్ల కిందనో ఎవరి షెడ్డుల పాత సామాన్ల నడుమనో కూనలు తేలుతయి, మనసాగనోళ్ళు ఎవరో ఇంటికి ఎత్తుకొస్తరు, తెచ్చుకున్నంక ఎక్కడ పెట్టాల్నో తెల్వక మాకు రాస్తరు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు జరిపిన. కొన్నాళ్ళు సాకి మంచి ఇంటికి అప్పజెప్పుదామనుకునేటోళ్ళ, అంటే ఫోస్టర్ చేసేటోళ్ళ ప్రశ్నలే ఇయన్నీ.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు. మా మేడ మీద ఒక అర్ర ఖాళీగ ఉంది, పది బై పది ఉంటది, ఒక కిటికీ, ఒక సజ్జ, పక్కకే బాత్రూం. మా దోస్తు ఒక తల్లి పిల్లిని, నాలుగు కూనలను వచ్చే వారం నా దగ్గర ఫోస్టర్ కి పెడ్తనంటుంది. ఫోన్ల చూస్తే ఒక్కొక్కరు గోడలకు మెట్లు, ఊయలలు, రంగురంగుల టన్నెళ్ళు పెడ్తున్నరు, నాకూ గట్ల చేయాలని ఉంది గని అంత బడ్జెట్ లేదు, పైగ మా అత్తమ్మ అండ్ల బియ్యం బస్తాలు పెట్టుకుంది. ఎక్కడ మొదలువెట్టాలె?

జవాబు: చెల్లె, ముందుగాల బస్తాలు కిందికి దింపియ్యి. బస్తా మీద పిల్లి ఒక్కసారి ఉచ్చ పోసిందంటే ఆ బియ్యం ఇగ ఎవరూ తినరని చెప్పు, అత్తమ్మనే దగ్గరుండి దింపిపిస్తది.

ఇగ అర్ర సంగతి. నువ్వు ఫోన్ల చూసినయి ముద్దుగుంటయి, కాదనను, గని అవి సొంతంగ పెంచుకునే పిల్లుల అర్రలు, ఒక్కటే పిల్లి ఏండ్లకేండ్లు అండ్లనే ఉంటది. నీది గట్ల కాదు కదా, ఈ తల్లీపిల్లలు పోయినంక ఇంకో బ్యాచ్ వస్తది, దాని ఎనుక ఇంకోటి, ముందున్నవాటి రోగం అర్రల మిగిలితే కొత్తగ వచ్చినవాటికి అంటుకుంటది. అందుకే నా లెక్క ఒక్కటే, ఆ అర్రలకు పోయే ప్రతి వస్తువు కడగొచ్చేదన్నా కావాలె, పారేయొచ్చేదన్నా కావాలె. దూది పరుపు, సోఫా, కార్పెట్, గోడకు కొట్టిన మెత్తటి గుడ్డ మెట్లు, ఇవి రెండిట్ల దేంట్లకూ రావు, ఎవరన్న ఉత్తగ ఇస్తమన్నా తీసుకోకు. అట్టడబ్బాలు, గోనె సంచులు, పాత చీరెలు, ప్లాస్టిక్ టబ్బులు, స్టీలు గిన్నెలు, ఇంతే. పిల్లులకు ఇండ్లనే మస్తు మజా ఉంటది, చెప్త.

అవి రాకముందే నువ్వొక్కసారి నేల మీద బోర్ల పండుకొని అర్రంతా చూడు. నిలబడి చూస్తే అంతా సాఫే కనబడ్తది, పండుకుంటే అల్మారా ఎనుక సందు, గోడ మూలకు బొక్క, బాత్రూంల నీళ్ళు పోయే తూము, వేలాడే వైర్లు అన్నీ బయటపడ్తయి. అరచేయంత కూన మూడు వేళ్ళంత సందుల దూరిపోతది, దూరినంక తీయుడు మన తరం కాదు. బియ్యం పెట్టిన అర్రంటే ఎలుకల మందు ఏదో మూలకు పెట్టే ఉంటరు, అల్మారల డాంబర్ గోలీలు కూడ ఉంటయి, రెండూ పిల్లికి విషమే, అత్తమ్మను అడిగి ఏ ఒక్కటీ మిగలకుంట తీపియ్యి. బాత్రూంల నిండు బకెట్ ఉంచకు, కూన పడితే ఎక్కి రాలేదు.

కిటికీకి దోమల జాలి ఉంది సరిపోతదిలే అనుకోకు. మన హన్మకొండ కోతుల గురించి నీకు నేను చెప్పేదేముంది, ఆ జాలిని ఒక్క గుంజుకు చింపుతయి, తల్లి పిల్లి కూడ గోర్లు పెట్టి ఎక్కి చింపుతది. అర అంగుళం కన్నులున్న ఇనుప వెల్డ్ మెష్ కొట్టించు, ఈ పనిల మొత్తం పైసలు పెట్టాల్సిన జాగ ఏదన్న ఉందంటే ఇదొక్కటే. మేత గిన్నె కిటికీ దగ్గర పెట్టకు, కోతులు వాసన పట్టినయంటే జాలి మీదనే కూసుంటయి. దర్వాజకు లోపలి దిక్కు రెండు ఫీట్ల ఎత్తుల ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టు. నాలుగు వారాలు దాటిన కూనలు దర్వాజ తీయంగనే బయటికి ఉరుకుతయి, నీ చేతుల గిన్నెలుంటయి, కాలు కింద కూన ఉంటది, అందుకు. తల్లిని ఆ చెక్క ఆపదు, ఆమెకైతే నువ్వే దబ్బున దర్వాజ ఏసుకోవాలె.

పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పినట్టు అని మనోళ్ళు ఊకెనే అనలే. వెలుతురు ఎక్కువైనా, మనుషులు ఊకె తొంగి చూసినా తల్లికి బుగులు పుట్టి కూనలను నోట కరుచుకొని జాగ మారుస్తది. అది ఆమె గుణం, ఆపలేం, అందుకే మారడానికి జాగ నువ్వే అర్రల్నే చూపియ్యాలె. రెండు అట్టడబ్బాలు రెండు మూలలకు పెట్టు, ఒక్కొక్కదానికి జానెడు ఎత్తుల గడప ఉండేటట్టు కోయి, తల్లి దాటుతది గని చిన్న కూనలు దొర్లి బయటపడవు. లోపల పాత నూలు చీరె నాలుగు మడతలేసి పరువు. టవల్ వద్దు, పోగులల్ల కూన గోర్లు ఇరుకుతయి. అట్ట నానినా ఖరాబైనా పారేసి కిరాణ దుకాణంల ఇంకోటి అడుక్కుంటవు, అయిపాయె.

తల్లికి ఇంకోటి కావాలె, పిల్లల నుంచి కొంచెం సేపు తప్పించుకునే జాగ. మూడు నాలుగు వారాలు వచ్చినంక కూనలు పాల కోసం ఊకె ఎంటబడ్తయి, తల్లికి ఇసుగు పుడ్తది. నీ సజ్జ దీనికే పనికొస్తది. నేల నుంచి సీదా ఎక్కలేదు కాబట్టి నడుమ ఒక ఇనుప ర్యాక్ పెట్టి గోడకు గట్టిగ కట్టు, కదిలిందంటే పిల్లి రెండోసారి దాని మొఖం చూడదు.

పిల్లులు ఉచ్చకు, దొడ్డికి పోయే టబ్బు సంగతి జర ఇనుకో. తల్లికి పెద్దది, మూత లేనిది. కూనలకు మూడు నాలుగు వారాలప్పుడు ఏదన్న పల్చటి ట్రే, మిఠాయి డబ్బా మూత కూడ నడుస్తది. మన దగ్గర రైస్ మిల్లు ఊక అగ్గువకు దొరుకుతది కదా అని చానమంది అదే పోస్తరు, అది ఉచ్చ పీల్చదు, ఫ్యాన్ ఏస్తే లేసి కండ్లల్ల పడ్తది. రంపం పొట్టు ఇంకా అన్యాలం, సన్న దుమ్ము ముక్కుల్లకు పోతది. కడిగి ఎండబెట్టిన ఇసుక, చింపిన పేపర్లు, లేకుంటే దుకాణంల దొరికే చెక్క పెల్లెట్లు మంచివి. తడి తగిలితే గడ్డకట్టే లిట్టర్ మాత్రం రెండు నెలలు నిండని కూనలకు వద్దు, అవి ఏది కనబడితే అది నోట్లె పెట్టుకుంటయి. టబ్బు ఒక మూలకు, మేత దాని ఎదురు మూలకు, నీళ్ళు ఇంకో దిక్కు. మనం బాత్రూంల కూసొని అన్నం తింటమా, అదీ అంతే.

మేత గురించి ఎక్కువ చెప్ప, పాలిచ్చే తల్లి మామూలుకంటె రెండు మూడింతలు తింటది, దానికి కూడ కిట్టెన్ ఫుడ్డే పెట్టు, పక్కకు ఉప్పు కారం ఉల్లిగడ్డ లేని ఉడకబెట్టిన కోడి కూర. పాలన్నం పెరుగన్నం మీద పిల్లి బతకదు, టారిన్ అనే పోషకం మాంసంల్నే ఉంటది, అది అందకుంటే ఏండ్ల మీద కండ్లు పోతయి, గుండె ఖరాబైతది.

ఇగ నీ సరదా. గోర్లు గీకుడు పిల్లికి కావాల్సిందే, ఆ పని చేయనీయకుంటే నీ దర్వాజ గీకుతది. కొత్తవాడల నేసిన పాత జంపఖానా ఇంట్ల ఉందా? 2018ల జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తింపు, వచ్చినయే అవి, కొత్తది పెట్టమంటలే, అంచులు పోయినదాన్ని ఒక చెక్కకు గట్టిగ సుట్టి మొలలు కనబడకుంట కొట్టు, ఆ గట్టి నేతల గోరు మంచిగ దిగుతది, ఖరాబైతే ఇప్పి ఉతుకొచ్చు. అది లేకుంటే ఎనుమాముల మార్కెట్ దిక్కు దొరికే గోనె సంచి. పెద్ద పిల్లి ఒళ్ళంతా సాగదీసి గీకుతది కాబట్టి మూడు ఫీట్లన్న ఉండాలె, గోడకు ఆనిచ్చి కదలకుంట కట్టాలె. టన్నెల్ కొనకు. నాలుగు అట్టడబ్బాలు పక్కపక్కకు పెట్టి గోడలకు గుండ్రంగ బొక్కలు కోసి టేపుతోని అతికించు, ఒక డబ్బాల కాగితపు ఉండలు ఏసి పెట్టు, ఇంకో డబ్బా పైకప్పుకు చేయి పట్టేంత రెండు బొక్కలు కొట్టు, కింది నుంచి ఒకటి చేయి పెడ్తది, పై నుంచి ఇంకోటి కొడ్తది, నువ్వు పనులన్ని మరిచిపోయి అదే చూసుకుంట కూసుంటవు. వారం పది రోజులకోసారి డబ్బాలు అటుఇటు మార్చు, ఒక్క డబ్బా జాగ మారితే వాటికి అదే కొత్త ఊరు.

జొన్న చొప్ప కట్టెకు గుడ్డ పేలిక కట్టి ఆడిపియ్యి, పొద్దున ఒక పది నిమిషాలు, సాయంత్రం ఒక పది నిమిషాలు, ఆడినంకనే మేత పెట్టు. ఆట అయిపోయినంక కట్టె మాత్రం బయటికి తెచ్చి పైన పెట్టేయాలె. దారం, రబ్బర్ బ్యాండ్, జుట్టుకు పెట్టుకునే రబ్బర్లు, పతంగి మాంజా మింగితే పేగులు కుప్పపడి ఆపరేషన్ దాకా పోతది. చేతి వేళ్ళతోని ఆడిపియ్యకు. ఇప్పుడు చక్కిలిగిలి పెట్టినట్టే ఉంటది, అదే అలవాటు రేపు తీసుకపోయినోళ్ళ ఇంట్ల చిన్న పోరగాని చేయి కొరుకుతది.

ఇంకోటి, దీన్ని చానమంది పట్టించుకోరు. రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూనలు ఏం చూస్తే, ఏం ఇంటే అవే వాటికి మామూలైతయి. గీ టైంల మనుషులను చూడకుంట పెరిగితే తర్వాత మాలిమి చేసుడు కష్టం. రోజూ ఎత్తుకో, పాదాలు ముట్టుకో, చెవులు చూడు, అండ్లనే కూసొని ఫోన్ మాట్లాడు, అత్తమ్మను కూడ ఓసారి కూసోమను, కింద కుక్కర్ విజిల్ మిక్సీ సప్పుడు ఇనబడనియ్యి. నీ అర్ర బాగుందా లేదా అనేది గోడల రంగుతోని కాదు, పోయే రోజు అవి కొత్త మనిషి ఒళ్ళెకు ఎక్కుతయా లేదా అన్నదాంతోని తెలుస్తది.

ప్రశ్న: అక్కా, నాది కరీంనగర్, డిగ్రీ చదువుతున్న. రోడ్డు మీద వదిలేసిన ఒక పెద్ద పిల్లిని ఫోస్టర్ కి తెచ్చిన. అర్ర మంచిగ సెట్ చేసిన, బొమ్మలు బెడ్డు అన్నీ కొన్న, అది మాత్రం మంచం కిందికి పోయి ఇప్పటిదాక బయటికి రాలే. పాపం అని చేయి పెట్టి గుంజితే గీరింది. ఏం చేయాలె?

జవాబు: తమ్మీ, ముందు ఆ గీరిన కాడ సబ్బు పెట్టి నల్లా కింద 15 నిమిషాలు కడుగు, ఇప్పటిదాక చూపియ్యకపోతే ఇయ్యాలనే ప్రభుత్వ దవాఖానకు పో. టీకాల సంగతి తెల్వని పిల్లి కాబట్టి రేబీస్ ఇంజెక్షన్ల గురించి డాక్టర్ చెప్పినట్టు చెయ్యి, 0, 3, 7, 28 రోజులల్ల ఇస్తరు. చిన్న గీతనే కదా అని ఇడిసిపెట్టకు.

ఇగ పిల్లి. నువ్వు దానికి అర్ర ఎక్కువ ఇచ్చినవు. భయపడ్డ పిల్లికి పెద్ద జాగ సుఖం కాదు, ఎక్కడికెళ్ళి ఎవరొస్తరో అని బుగులు. మంచం తీపియ్యి, లేకుంటే మంచం కింద నాలుగు దిక్కులా అట్టలు పెట్టి మూసెయ్, మూసే ముందు పిల్లి బయట ఉండాలె, అది యాదుంచుకో. అది బయటికి వచ్చేదాక దగ్గర్నే రెండు దర్వాజలున్న అట్టడబ్బా ఒకటి పెట్టి మీద చీరె కప్పు, దాక్కునే జాగ లేకుంట చేయకు, నీకు చేయి అందే జాగల దాక్కోనియ్యి. డబ్బాకు ఒకటే దర్వాజ ఉంటే ఇరుక్కున్నట్టు అనిపిచ్చి ఇంకా బిగుసుకుంటది.

గుంజుడు బంద్ చెయ్. రోజుకు రెండు మూడు సార్లు పోయి నేల మీద కూసొని నీ పరీక్షల పుస్తకం మెల్లగ పైకి చదువుకో, దాని దిక్కు కండ్లు పెద్దగ చేసి చూడకు. అది చూస్తే నువ్వు మెల్లగ కండ్లు మూసి తెరువు, పిల్లుల మధ్య అది మంచి మాట. వాసన బాగొచ్చే చేపో కోడో కొంచెం పెట్టి రా. మొదటి రోజు తినకుంటే పరేషాన్ కాకు, రాత్రి పూట అందరు పండుకున్నంక తింటది. రెండు రోజులు ఏమీ ముట్టకుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకపో, పిల్లి తినకుంట ఉంటే లివర్ మీద పడ్తది, లావున్న పిల్లికైతే ఇంకా తొందరగ. కొన్న బెడ్డు సంగతి మరిచిపో, అది వచ్చిన డబ్బాలనే పండుకుంటది చూడు.

ప్రశ్న: మాది పరకాల దగ్గర. మా ఇంట్ల ఖాళీగ ఉన్నది రేకుల అర్ర ఒక్కటే. ఎండకాలం అండ్ల పిల్లులను పెట్టొచ్చా?

జవాబు: మే నెలల మన దిక్కు 43, 44 డిగ్రీలు కొడ్తది, రేకుల కింద ఇంకా ఎక్కువుంటది, మధ్యాహ్నం మీరే ఆ అర్రల ఒక గంట కూసొని చూడుండ్రి. కూసోలేకపోతే పిల్లులనూ పెట్టొద్దు, ఏప్రిల్ నుంచి జూన్ వానలు పడేదాక ఇంట్ల బాత్రూం పక్క జాగనో, వంటింటి మూలనో అడ్డం కట్టి పెట్టుకోండి. తప్పదంటే రేకుల మీద తెల్ల సున్నం కొట్టిపియ్యండి, దాని మీద వరిగడ్డి పరిచి తడుపుతుండాలె, లోపల తాటాకో చాపనో కట్టి రేకుకు దానికి నడుమ గాలి ఆడే సందు ఉంచాలె, గడ్డి కూలర్ పెట్టి ఎదురుంగ కిటికీ తెరిచి పెట్టాలె, మూసేస్తే ఉక్కపోస్తది. నీళ్ళు మట్టి గురిగిలల్ల రెండు మూడు జాగలల్ల పెట్టుండ్రి. పిల్లి కుక్క లెక్క నోరు తెరిచి ఎగపోస్తుందంటే అది వడదెబ్బ, చల్లటి నీళ్ళతోని తడిపి గాలి కొట్టుకుంట దవాఖానకు ఉరకాలె, ఐసు నీళ్ళు మాత్రం పోయొద్దు.

చిన్న కూనల లెక్క వేరే. పుట్టిన మొదటి వారంల వాటికి 30, 32 డిగ్రీల వేడి కావాలె, సొంతంగ ఒళ్ళు వేడి నిలుపుకోలేవు, అందుకే కూలర్ గాలి సీదా గూటి మీదికి రావొద్దు. డిసెంబర్ జనవరిలల్ల మీ రేకుల అర్ర అటు కూడ అంతే కష్టం, రాత్రి వేడి నీళ్ళ సీసాకు గుడ్డ సుట్టి గూట్ల ఒక దిక్కుకు పెట్టాలె, ఇంకో దిక్కు ఖాళీ ఉంచాలె, వేడెక్కువైతే కూన అటు జరగనీకి.

ప్రశ్న: అక్కా, కాజీపేట నుంచి రాస్తున్న. నా దగ్గరున్న మూడు కూనలు వాంతులు విరేచనాలతోని ఒకదాని ఎనుక ఒకటి సచ్చిపోయినయి. డాక్టర్ పాన్‌ల్యూకో అన్నడు, పిల్లులకు వచ్చే వైరస్ రోగమంట. అర్ర మొత్తం ఫినాయిల్ తోని కడిగిన. నెల రోజులైంది, ఇంకో రెండు కూనలను తీసుకోమంటున్నరు, తీసుకోవాల్నా?

జవాబు: తీసుకోకు చెల్లె. ఈ వైరస్ మామూలు వైరస్ కాదు, ఇంట్ల గోడలకు నేలకు సందులకు అంటుకొని ఏడాది దాక బతికుంటది. ఫినాయిల్ కు అది చావదు, పైగ ఫినాయిల్, డెట్టాల్ అసొంటివి పిల్లులకు విషం, వాటి లివర్ ఆ మందులను ఇరగ్గొట్టలేదు, నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు లోపలికి పోతయి. పారాసిటమాల్ గోలీ కూడ అంతే, జ్వరం వచ్చిందని ఒక్క గోలీ ఇస్తే పిల్లి సస్తది, కుక్కలకు ఏసే పర్మెత్రిన్ గోమార్ల మందూ అంతే. ఇది అందరు యాదుంచుకోవాలె, మాకు వచ్చే ఉత్తరాలల్ల ఈ బాధలే ఎక్కువ.

దీనికి పనిచేసేది బ్లీచ్. ముందు సబ్బు నీళ్ళతోని బరబర తోమి మురికంతా పోగొట్టాలె, మురికి మీద బ్లీచ్ పోస్తే పనిచేయదు. తర్వాత 4, 5 శాతం ఉండే లిక్విడ్ బ్లీచ్ లీటరు నీళ్ళకు 30 మిల్లీలీటర్లు కలిపి, ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలె, నేల పది నిమిషాలు తడిగ ఉండాలె, అటెనుక మంచి నీళ్ళతోని కడిగి ఆరబెట్టాలె. కిటికీలు తెరిచిపెట్టు, బ్లీచ్‌ల యాసిడ్ గని బాత్రూం క్లీనర్ గని కలపకు, ఆ పొగ నీ ప్రాణానికే ప్రమాదం. అట్టలు, బొంతలు, చెక్క సామాన్లు, గీకుడు చెక్క మొత్తం కాలబెట్టు. స్టీలు గిన్నెలు బ్లీచ్‌ల నానబెట్టు. నీ చెప్పులు మరిచిపోకు, వైరస్ చెప్పులతోని కూడ తిరుగుతది.

ఇంత చేసినా ఏడాది దాక ఆ అర్రలకు టీకా పూర్తికాని కూనను తేకు. ఫోస్టర్ చేయకుంట ఉండలేనంటే టీకాలు పూర్తైన పెద్ద పిల్లులను తీసుకో, వాటికి భయం తక్కువ, వాటిని సాకేటోళ్ళు కూడ తక్కువనే. ఇగ నుంచి వచ్చే ఏ పిల్లినైనా 14 రోజులు ఇంట్ల పిల్లులతోని కలపకు, గిన్నెలు వేరే, సీపురు వేరే, అండ్లకు పోయేటప్పుడు ఏసుకునే అంగీ కూడ వేరే. ముందు ఇంటి పిల్లి పని చేసుకోని చివరికి ఆ అర్ర. టీకా కూనకు ఆరు ఎనిమిది వారాలకు మొదలువెట్టి మూడు నాలుగు వారాలకోసారి పదహారో వారం దాక ఏపియ్యాలె, రేబీస్ టీకా మూడు నెలలకు. నట్టల మందు రెండో వారం నుంచే, డాక్టర్ తూకం చూసి చెప్తడు. వరంగల్ దగ్గర మామునూరుల, జగిత్యాల దిక్కు కోరుట్లల వెటర్నరీ కాలేజీలున్నయి, దగ్గర పిల్లుల డాక్టర్ లేనోళ్ళు అక్కడ అడిగి చూడుండ్రి.

ప్రశ్న: నా భార్యకు మూడో నెల. ఇంట్ల ఫోస్టర్ పిల్లులున్నయి. మా అమ్మ వెంటనే బయట ఇడిసిరమ్మంటుంది. నిజంగ అంత ప్రమాదమా? — హుజూరాబాద్

జవాబు: అన్నా, ఇడిసిరాకండి, ఆకలికి సచ్చేటట్టు జంతువును వదిలిపెట్టుడు 1960 నాటి జంతు హింస చట్టం కింద నేరం కూడ. అమ్మ భయపడేది టాక్సోప్లాస్మా గురించి, కడుపుల బిడ్డకు హాని చేసే సూక్ష్మజీవి అది. అది పిల్లి మలంల వస్తది, గని బయటపడ్డంక అంటుకునే స్థితికి రావాల్నంటే ఒకటి నుంచి ఐదు రోజులు పడ్తది, అంటే రోజూ టబ్బు సాఫ్ చేస్తే భయం మస్తు తగ్గుతది. ఆ పని మీరు చేయండి, ఆమె చేయొద్దు, ముట్టుకునుడు పక్కకుండుడు ఏం కాదు. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరలు, చేతులకు మట్టి అంటే తోట పనితోని కూడ ఇదే రోగం వస్తది, ఆ దిక్కు కూడ చూసుకోండి, డాక్టరమ్మకు ఇంట్ల పిల్లులున్నయని చెప్పండి. రోడ్డు మీది కొత్త పిల్లులను మాత్రం కాన్పు అయ్యేదాక తీసుకోకపోవుడే మంచిది, అమ్మకు కూడ నిమ్మళం.

ప్రశ్న: పెద్దపల్లి నుంచి. తల్లి లేని రెండు కూనలు దొరికినయి, కండ్లు కూడ తెరవలే. బర్రె పాలల్ల నీళ్ళు కలిపి పోస్తున్నం, విరేచనాలు పెడ్తున్నయి. వీటికి అర్ర ఎట్ల తయారు చేయాలె?

జవాబు: వీటికి అర్ర వద్దు, ఒక డబ్బా చాలు. కండ్లు తెరవలేదంటే ఇంకా పది పన్నెండు రోజులు కూడ నిండలే, వాటికి వేడే ప్రాణం. బర్రె పాలు ఆవు పాలు వెంటనే ఆపుండ్రి, వాటి కడుపుకు పడవు. పిల్లి కూనల కోసమే అమ్మే పాలపొడి పెట్ షాపులల్ల, ఆన్‌లైన్ల దొరుకుతది, అది తెప్పియ్యండి. ఒళ్ళు సల్లగున్న కూనకు పాలు పట్టొద్దు, ముందు గుడ్డల సుట్టి మీ ఒంటికి ఆనిచ్చుకొని వెచ్చగ చేయండి, తర్వాత బోర్ల ఉంచి పట్టాలె, చిన్న పిలగాని లెక్క ఎల్లకిల పెడితే పాలు ఊపిరితిత్తులల్లకు పోతయి. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడ. ప్రతిసారి పాలు పట్టినంక తడి దూదితోని కింద మెల్లగ రుద్దితేనే ఉచ్చ పోస్తయి, ఆ పని తల్లి నాలుకతోని చేస్తది, మూడు వారాల దాక సొంతంగ పోయలేవు. వంటింటి తూకం మీద రోజూ ఒకే టైముకు తూచి రాసిపెట్టుండ్రి, రోజుకు పది పదిహేను గ్రాములు పెరగాలె, ఒక రోజు పెరగకపోతే డాక్టర్‌కు ఫోన్, తగ్గితే ఫోన్ కూడ వద్దు, సీదా తీసుకపోవుడే. ఇప్పటికే విరేచనాలున్నయి కాబట్టి ఇయ్యాలనే చూపిస్తే మంచిది.

ప్రశ్న: సిరిసిల్ల నుంచి. మా పిల్లలిద్దరు ఫోస్టర్ కూనలకు బాగా అలవాటైన్రు. వచ్చే నెల ఇచ్చేయాలె అంటే ఏడుస్తున్నరు. ఉంచుకుందామా?

జవాబు: ఉంచుకుంటే ఉంచుకోండి, తప్పేం లేదు, గని అప్పుడు మీ అర్ర నిండినట్టే, ఇంకో బ్యాచ్‌కు జాగ ఉండదు. ఇచ్చేద్దామంటే ఆ పనిల పిల్లలనే కలుపుండ్రి. కూనలకు ఎనిమిది వారాలు నిండకుంట ఇయ్యొద్దు, పన్నెండైతే ఇంకా మంచిది. తీసుకుంటమన్నోళ్ళను మీ అర్రలకే రమ్మనండి, మీ పిల్లలు ఏ కూనకు ఏం ఇష్టమో చెప్పాలె, ఏది చికెన్ కు ఉరుకుతది, ఏది డబ్బాల దాక్కుంటది, అవి వాళ్ళకు తెలిసినంత మీకూ తెల్వది. వచ్చినోళ్ళను మీరు అడగాల్సినయి మొహమాటపడకుంట అడుగుండ్రి: బాల్కనీకి జాలి ఉందా, ఇంట్ల గన్నేరు గిట్ల ఉందా, బొకేలల్ల వచ్చే పెద్ద లిల్లీ పూలు తెస్తరా, ఎందుకంటే ఆ లిల్లీ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతయి. అన్నిటికంటె ముఖ్యం పిల్లలు పుట్టకుంట చేసే ఆపరేషన్. ఆడ కూన నాలుగైదు నెలలకే కడుపుతోని కావొచ్చు, రెండు నెలలకు ఈనుతది, పాలిస్తుండంగనే మళ్ళ కడుపొస్తది. ఐదో నెల రాకముందే చేపిస్తమని రాసియ్యమనండి, రాసియ్యనంటే ఇయ్యకండి. కూనతోని పాటు అది పండుకునే చీరె ముక్క ఒకటి ఉతకకుంటనే ఇచ్చి పంపుండ్రి, కొత్త ఇంట్ల ఆ వాసనకు తొందరగ కుదురుకుంటది.

ప్రశ్న: పొద్దున్నే పిల్లి ఎదురొస్తే అపశకునం అంటరు, డ్యూటీకి పోయే ముందు పిల్లుల అర్రలకు పోవాల్నా, వచ్చినంక పోవాల్నా? — వరంగల్ చౌరస్తా నుంచి ఒక తమ్ముడు

జవాబు: పోయే ముందే పో తమ్మీ. టబ్బు సాఫ్ చేసి, నీళ్ళు మార్చి పో. ఎండకాలం సాయంత్రం దాక ఆ టబ్బు అట్లనే ఉంటే నీకు పిల్లి ఎదురొచ్చుడు తర్వాత, మెట్ల మీదనే వాసన ఎదురొస్తది, ఇంటి ఓనర్ దాని ఎనుకనే వస్తడు.